పుట్టిన తేదీ దగ్గర పేచీ వస్తే

తెలుగు వికీపీడియాలో ఒక ప్రముఖుడి పేజీ తెరిచారు. పుట్టిన సంవత్సరం తప్పుగా కనబడింది. మార్చారు. సాయంత్రానికల్లా ఎవరో దాన్ని తిరగ్గొట్టారు. దిద్దుబాటు సారాంశంలో "తప్పు" అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ లేదు. మీరు మళ్లీ మార్చారు, ఈసారి సారాంశంలో కాస్త ఘాటుగా రాశారు. అవతలివారూ మళ్లీ తిరగ్గొట్టారు, ఇంకాస్త ఘాటుగా. ఇలాగే సాగితే ఇద్దరిలో ఒకరు విసిగిపోతారు, లేదా నిర్వాహకులెవరో వచ్చి పేజీకి తాళం వేస్తారు. శ్రద్ధగా పనిచేసే ఎందరో వికీపీడియాకు దూరమయ్యేది ఇలాంటి రెండు రోజుల రగడ తర్వాతే. అలా పోనివ్వకూడదు. ఎందుకంటే ఆ సంవత్సరం మీకు కనిపించినట్టు ఇంకెవరికీ కనిపించకపోవచ్చు. మీరు వెళ్లిపోతే ఆ సందేహం కూడా మీతోనే పోతుంది.

కాబట్టి మొదటిసారి తిరగ్గొట్టగానే ఆగండి. వ్యాసాన్ని ఉన్నదున్నట్టు వదిలేసి చర్చ పేజీ తెరవండి. ఇంగ్లీషు వికీపీడియాలో ఒకే పేజీని 24 గంటల్లో మూడుసార్లకు మించి తిరగ్గొట్టకూడదని నియమమే ఉంది. నా మాట వింటే మూడు దాకా అక్కర్లేదు, ఒకటి చాలు. వ్యాసంలో తప్పు తేదీ ఇంకో వారం ఉంటే కొంపలేమీ మునగవు. చనిపోయి యాభై ఏళ్లయిన మనిషి పుట్టిన రోజు విషయంలోనైతే అసలే మునగవు. బతికున్నవారి సంగతి వేరు, దాని గురించి తర్వాత మాట్లాడదాం.

ఆగాక వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. "ఏ తేదీ నిజం?" అని అడిగితే మనకు ముందే నచ్చిన జవాబు ఒకటి సిద్ధంగా ఉంటుంది. దాన్ని సమర్థించేవి వెతకడం మొదలుపెడతాం, దొరుకుతాయి కూడా. దాని బదులు "ఈ తేదీని మొట్టమొదట ఎవరు చెప్పారు? వారికెలా తెలుసు?" అని అడగండి. రెండు తేదీలకూ ఇదే ప్రశ్న వెయ్యండి. పేచీ సగం అక్కడే చల్లబడుతుంది, ఎందుకంటే అవతలి మనిషి కూడా మీతో కలిసి వెతకగలిగిన ప్రశ్న ఇది.

మనవాళ్ల విషయంలో ఈ తేడాలు ఎందుకొస్తాయో తెలిస్తే వెతకడం తేలికవుతుంది. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అంతకు ముందు కూడా పట్టణాల్లో పురపాలక సంఘాలు, ఊళ్లలో కరణం, మునసబు ఏవో లెక్కలు రాశారు కానీ వాటిలో అందరూ ఎక్కలేదు, ఎక్కినవన్నీ మిగల్లేదు. ఎక్కువమందికి మొదటి రాతపూర్వక పుట్టినరోజు బళ్లో చేరిన నాడు హెడ్మాస్టరుగారు రాసిందే. ఏడాది అటో ఇటో చేసి, జూన్‌లోనో జూలై ఒకటో తేదీనో వేసేయడం అందరూ ఎరిగిందే. ఆ తేదీయే తర్వాత ఉద్యోగంలోకి, పింఛను కాగితాల్లోకి, చివరికి సన్మాన సంచికలోకి నడుచుకుంటూ వస్తుంది. ఇంట్లో జాతకచక్రం మీద ఉన్న తిథి ఇంకోటి చెబుతుంది. రెండూ రాతపూర్వకమే, రెండూ ఆ మనిషివే.

ఊరి పేరు దగ్గర గొడవకు మన పురుళ్ల ఆచారమే చాలాసార్లు కారణం. తొలి కాన్పు పుట్టింట్లో. అంటే బిడ్డ పుట్టేది అమ్మమ్మగారి ఊళ్లో, పెరిగేది నాన్నగారి ఊళ్లో. అల్లూరి సీతారామరాజు విషయంలో విశాఖ జిల్లా పాండ్రంగి, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు రెండూ వినబడతాయి. పాండ్రంగి తల్లి తరపువారి ఊరు, మోగల్లు తండ్రి తరపువారిది. దీనికి దత్తత తోడైతే ఇంకో ఊరు చేరుతుంది. పి.వి.నరసింహారావు పుట్టింది ఇప్పటి వరంగల్ జిల్లా లక్నేపల్లిలో, దత్తత వెళ్లి పెరిగింది వంగరలో. వంగరను "స్వగ్రామం" అంటే తప్పు లేదు. ఆ మాట చదివి మరో రచయిత "వంగరలో జన్మించారు" అని రాస్తే తప్పు. ఈ జారుడు ఎక్కడ జరిగిందో పట్టుకుంటే చాలు, ఇద్దరు వాదులూ సంతోషంగా ఇంటికి పోవచ్చు: పుట్టిన ఊరు ఒకటి, స్వగ్రామం ఒకటి, వ్యాసంలో రెండింటికీ చోటుంది.

వయసు లెక్కలో కూడా ఒక ఏడాది ఇట్టే మారిపోతుంది. "82వ ఏట కన్నుమూశారు" అని పత్రికలో వస్తే ఆయనకు నిండినవి 81 ఏళ్లే. మరణించిన సంవత్సరంలోంచి 82 తీసేసి పుట్టిన సంవత్సరం రాసినవాళ్లు చాలాసార్లు ఏడాది వెనక్కి వెళ్లిపోతారు. జయంతి ఉత్సవాలదీ అదే తంతు. భీమవరంలో 2022 జూలై 4న అల్లూరి 125వ జయంతి ఉత్సవాలను ప్రధానమంత్రి ప్రారంభించారు. 1897లో పుట్టాడంటే ఆ రోజుకు 125 నిండాయి, 1898లో పుట్టాడంటే 125వ ఏడు ప్రవేశించింది. అచ్చులో రెండు సంవత్సరాలూ ఉన్నాయి. ఉత్సవం రెండింటికీ సరిపోతుంది కాబట్టి అది దేనికీ సాక్ష్యం కాదు. చర్చ పేజీలో ఎవరైనా "ప్రభుత్వమే జరిపింది కదా" అంటే ఈ లెక్క వివరంగా చూపించండి, నొచ్చుకోకుండా ఒప్పుకుంటారు.

ఒక్క ఉదాహరణను మొదటినుంచి చివరిదాకా చూద్దాం. శ్రీశ్రీ పుట్టిన రోజు. ఏటా ఏప్రిల్ 30న ఆయన జయంతి జరుపుతారు. విశాఖ పురపాలక సంఘం రికార్డు ప్రకారం అదే తేదీ అని చెబుతారు. 1910 జనవరి 2 అని రాసినవీ ఉన్నాయి. సాధారణ నామ సంవత్సరం చైత్ర శుద్ధ షష్ఠి, అంటే ఏప్రిల్ 15 అనే వాదం మూడోది. ఇక ఆయన షష్టిపూర్తి సభలు విశాఖపట్నంలో జరిగింది 1970 ఫిబ్రవరిలో. ఆ సభల కదలికలోంచే అదే ఏడు జూలైలో విప్లవ రచయితల సంఘం (విరసం) పుట్టింది కనుక ఈ నెల సాహిత్య చరిత్రలో బాగా స్థిరపడిన సంగతి. ఇన్ని తేదీలు ఒక్కసారిగా చూస్తే ఎవరికైనా చెయ్యి ఆగిపోతుంది.

పంచాంగం దగ్గర పెట్టుకుని కూర్చోండి. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. సాధారణ 1910లో ఉగాదికి మొదలైంది, తర్వాత మళ్లీ 1970 ఉగాదికి వచ్చింది. 1910 ఉగాది ఏప్రిల్ 10. ఆ రోజుకు ముందున్నది సౌమ్య నామ సంవత్సరం. కాబట్టి పుట్టింది సాధారణలో అన్న మాట నిలబడితే జనవరి 2 నిలబడదు, జనవరి 2 నిలబడితే సాధారణ అన్న మాట పోతుంది. రెండూ కలిసి బతకలేవు. ఉగాది ఏప్రిల్ 10 అయితే శుద్ధ షష్ఠి ఏప్రిల్ 15. ఆ నెల పౌర్ణమి 24న. అక్కణ్ణుంచి లెక్కపెడితే బహుళ షష్ఠి సరిగ్గా ఏప్రిల్ 30. అంటే ఏప్రిల్ 15, ఏప్రిల్ 30 రెండూ చైత్ర షష్ఠులే, ఒకటి వెన్నెల పక్షంలోది, ఇంకోటి చీకటి పక్షంలోది.

ఇది కనిపెట్టగానే ఒళ్లు పులకరిస్తుంది. ఎవరో ఎక్కడో శుద్ధానికి బహుళమో, బహుళానికి శుద్ధమో రాసి ఉంటారనీ, పదిహేను రోజుల తేడా అలా వచ్చి ఉంటుందనీ వెంటనే తోస్తుంది. ఇక్కడే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. సంవత్సరం పేరు, మాసం, తిథి ఇస్తే దానికి సరిపోయే ఇంగ్లీషు తేదీ కట్టడం మామూలు లెక్క. ఎవరు కట్టినా ఇంచుమించు ఒకే జవాబు వస్తుంది, కాబట్టి చర్చ పేజీలో పెట్టవచ్చు, మూలాలను పరీక్షించడానికి వాడవచ్చు. "శుద్ధ, బహుళ తారుమారయ్యాయి" అన్నది మాత్రం మీ ఊహ. ఎంత అందంగా ఉన్నా ఊహే. దాన్ని వ్యాసంలో రాస్తే వికీపీడియా భాషలో అది మౌలిక పరిశోధన అవుతుంది, అక్కడ నిషిద్ధం. అంత మంచి ఊహ వృథా పోకూడదనుకుంటే ఒక వ్యాసంగా రాసి సాహిత్య పత్రికకు పంపండి. అక్కడ అచ్చయి, పండితులు దాన్ని ఒప్పుకునో కాదనో రాసిన నాడు వికీపీడియాలోకి ఎవరైనా తీసుకురావచ్చు.

తిథి లెక్కలో ఇంకో చిక్కు కూడా గుర్తుంచుకోండి. మన లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. శనివారం తెల్లవారుజామున రెండింటికి పుట్టిన బిడ్డను ఇంట్లో శుక్రవారం రాత్రి పుట్టాడనే చెబుతారు. ఇంగ్లీషు తేదీ మాత్రం శనివారానిది. ఒక్క రోజు తేడాతో రెండు తేదీలు ఎదురైతే ముందుగా అనుమానించవలసింది దీన్నే.

షష్టిపూర్తి మాటకొస్తే, సంప్రదాయం ప్రకారం పుట్టిన సంవత్సరం పేరు తిరిగి వచ్చినప్పుడు, ఆ తిథి నాడు చేస్తారు. 1970 ఫిబ్రవరి నాటికి ఇంకా సౌమ్యే నడుస్తోంది. అభిమానులు, నిర్వాహకులు సభలు పెట్టుకునేది హాలు దొరికినప్పుడు, అతిథులకు వీలైనప్పుడు. ఆ సభ తేదీనుంచి పుట్టిన తేదీని వెనక్కి లాగకూడదు. అలాగే శ్రీశ్రీ "అనంతం"లో తన గురించి రాసుకున్నది తన జీవితానికి గొప్ప మూలం. అయినా ఆయన దాన్ని ఆత్మచరిత్రాత్మక నవల అన్నాడు. పైగా తాను పుట్టిన రోజు గురించి ఎవరికైనా తెలిసేది ఇంట్లోవాళ్లు చెబితేనే. కాబట్టి అక్కడ దొరికేది "ఆయన ఇలా రాసుకున్నాడు" అన్న వాక్యానికి ఆధారం. అంతకన్నా ఎక్కువ బరువు దాని మీద మోపకండి.

మరి వ్యాసంలో ఏం రాయాలి? పుట్టినది 1910 అన్న దగ్గర పేచీ లేదు, విశాఖపట్నం అన్న దగ్గర పేచీ లేదు. మొదటి వాక్యంలో ఎక్కువ ప్రచారంలో ఉన్న తేదీని, దానికి ఉన్నవాటిలోకెల్లా గట్టి మూలంతో పెట్టండి. వెంటనే ఒక గమనిక ఇచ్చి, మిగతా తేదీలను ఏ పుస్తకం, ఎన్నో పేజీ చెబుతోందో రాయండి. రెండు వాదాలూ సమానమైన బలంతో ఉంటే వ్యాసం పక్కన కనబడే సమాచారపెట్టెలో సంవత్సరం మాత్రం ఉంచి తేదీ వదిలేయండి. ఆ పెట్టెలో "బహుశా" అనడానికి చోటుండదు. అందులో పడ్డ ఏ అంకె అయినా ఖాయమైనదిగానే చదువుతారు, దాన్నే గూగుల్ ఎత్తి చూపిస్తుంది. సందేహం చెప్పుకోవలసిన చోటు వ్యాసం లోపల, పూర్తి వాక్యంలో.

మూలాలను లెక్కపెట్టేటప్పుడు జరిగే పొరపాటు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. చర్చ పేజీలో "నా తేదీకి పన్నెండు ఆధారాలున్నాయి, మీదానికి రెండే" అనే మాట తరచు కనబడుతుంది. ఆ పన్నెండూ ఒకే బావి నీళ్లు పోసిన పన్నెండు బిందెలు అయ్యుండవచ్చు. పుట్టినరోజుకు పత్రికల్లో వచ్చే "నేడు జయంతి" వ్యాసాలు, సినిమా సైట్లు, యూట్యూబ్ వీడియోలు చాలావరకు వికీపీడియాను చూసే తయారవుతున్నాయి. కృత్రిమ మేధ చాట్‌బాట్ చెప్పే జవాబుల సంగతీ అంతే. అవి ఇచ్చే తేదీ వెనక ఏ పుస్తకముందో చాలాసార్లు వాటికే తెలియదు. వికీపీడియాలో పడ్డ తప్పు పత్రికలోకి వెళ్లి, ఆ పత్రిక ఆధారంగా అదే తప్పు వికీపీడియాలో స్థిరపడుతుంది.

జర్మనీలో 2009 ఫిబ్రవరిలో ఇది అందరి కళ్లముందూ జరిగింది. కార్ల్-థియోడోర్ జు గుటెన్‌బెర్గ్ ఆర్థికమంత్రి అవుతున్నారన్న వార్త రాగానే, ఒక అజ్ఞాత వ్యక్తి జర్మన్ వికీపీడియాలో ఆయన పొడుగాటి పేరు మధ్యలో "విల్హెల్మ్" అని ఇంకో పేరు చేర్చాడు. ఆ కులీన వంశీకుడికి అప్పటికే పది పేర్లున్నాయి, పదకొండోదాని మీద మొదట ఎవరికీ అనుమానం రాలేదు. మర్నాటికి పేరున్న పత్రికలు ఆ పేరుతో సహా అచ్చేశాయి. ఎవరో వికీపీడియాలో దాన్ని ప్రశ్నిస్తే, ఆ పత్రికలనే మూలాలుగా చూపించారు.

ఈ చక్రాన్ని పట్టుకోవడానికి మార్గం సులువే. వ్యాసం పైన "చరిత్ర" అన్న మీట ఉంటుంది. పేచీలో ఉన్న తేదీ వ్యాసంలోకి మొదట ఏ రోజు వచ్చిందో అక్కడ వెతకండి. పేజీ పాతదై, మార్పులు వందల్లో ఉంటే వికీబ్లేమ్ అనే పనిముట్టు ఆ మాట ప్రవేశించిన దిద్దుబాటును వెతికి చూపిస్తుంది. ఇప్పుడు ఆ రోజును, చూపిస్తున్న మూలాల తేదీలతో పోల్చండి. మూలాలన్నీ ఆ దిద్దుబాటు తర్వాతవే అయితే అవన్నీ కలిపి సున్నా. తెలుగు వికీపీడియా మొదలైంది 2003 డిసెంబరులో, ఇంగ్లీషుది 2001 జనవరిలో. అంతకు ముందు అచ్చయిన పుస్తకమో పత్రికో దొరికిందంటే కనీసం ఈ చక్రానికి బయటిది దొరికినట్టే. దొరికిన సైట్ పేజీ ఇటీవల మారిందేమోనని అనుమానం వస్తే, ఇంటర్నెట్ ఆర్కైవ్‌వారి వేబ్యాక్ మెషీన్‌లో దాని పాత రూపం చూడండి.

తెలుగులో అలాంటి పాత కాగితం మనం అనుకునేదానికన్నా ఎక్కువే ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత పత్రికలను స్కాన్ చేయించింది. ఆర్కైవ్.ఆర్గ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చిన వేలాది తెలుగు పుస్తకాలున్నాయి. పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో నానా రకాల స్పెల్లింగులతో ఉంటాయి కనుక ఒకే పేరును నాలుగైదు విధాలుగా కొట్టి చూడాలి. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులో సుల్తాన్ బజారు దగ్గరి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం: వీటిలో ఏదైనా మీకు దగ్గర్లో ఉంటే ఒక పూట వెచ్చించండి. మనిషి చనిపోయిన వారంలో వచ్చిన పత్రికను ముందు అడగండి. సంతాప వార్తలో వయసు ఉంటుంది, ఇంటివాళ్లు చెప్పినది ఉంటుంది, అంతకన్నా ముఖ్యంగా కట్టుకథలు ఇంకా అల్లుకోని కాలమది. షష్టిపూర్తి సంచికలు కూడా తిరగేయండి. అందులో స్నేహితులు రాసిన వ్యాసాలకన్నా, చివర చిన్న అక్షరాల్లో వేసే "జీవిత విశేషాలు" పట్టిక ఎక్కువ పనికొస్తుంది. పుస్తకం చూసినప్పుడు ముఖచిత్రం, ముద్రణ వివరాలున్న పుట, మీకు కావలసిన పుట, ఈ మూడింటికీ ఫోనులో ఫొటో తీసుకోండి. పేజీ సంఖ్య లేని మూలాన్ని ఎవరూ సరిచూడలేరు. సరిచూడలేనిది ఉన్నా లేనట్టే.

ఇంత వెతికాక చర్చ పేజీలో పెట్టే మాట ఎలా ఉండాలో ఒక నమూనా ఇస్తాను. పేర్లు, సంవత్సరాలు కల్పించినవి.

"నమస్కారమండీ. మీరు పెట్టిన 1904కు ఆధారంగా చూపిన రెండు సైట్లు చూశాను. రెండూ 2015 తర్వాతవి, రెండింట్లోనూ ఈ వ్యాసంలోని వాక్యాలే ఉన్నాయి. వ్యాసంలోకి 1904 వచ్చింది 2011లో, అప్పుడు మూలం ఇవ్వలేదు. ఆయన మరణించినప్పటి పత్రికలో '61వ ఏట' అని ఉంది, ఆ లెక్కన 1906 గానీ 1907 గానీ అవుతుంది. 1972 నాటి సంస్మరణ సంచికలో 1906 అని ఉంది, పుట ఫొటో నా దగ్గరుంది. 1904కు ఇంతకన్నా పాత ఆధారం మీ దగ్గరుంటే చెప్పండి, రెండూ పెడదాం. వారం ఆగి, ఎవరికీ అభ్యంతరం లేకపోతే 1906గా మార్చి, 1904 సంగతి గమనికలో రాస్తాను."

ఇందులో "మీరు తప్పు" అన్న మాట ఎక్కడా లేదు చూడండి. ఏం చూశారో, ఏం దొరికిందో, ఎప్పుడు ఏం చేయబోతున్నారో ఉంది. అవతలి మనిషికి వెనక్కి తగ్గడానికి దారి ఉంది, ముందుకొచ్చి ఇంకో మూలం ఇవ్వడానికీ దారి ఉంది. వారం గడువు కూడా మర్యాద కోసం పెట్టింది కాదు. తెలుగు వికీపీడియాలో రోజూ వచ్చి చూసేవాళ్లు తక్కువ, చాలామంది వీలున్నప్పుడే కూర్చుంటారు. జవాబు రాకపోతే వికీపీడియన్లందరూ మాట్లాడుకునే రచ్చబండ పేజీలో ఒక వాక్యం రాసి నలుగురినీ పిలవండి. ఇద్దరి మధ్య ముదిరిన గొడవ మూడో మనిషి నెమ్మదిగా అడిగే ఒక్క ప్రశ్నతో తేలిపోవడం అక్కడ మామూలే.

బతికున్నవారి దగ్గరికొద్దాం. ఇక్కడ వారం ఆగడాలూ చర్చలూ తర్వాత. మూలం లేని చెడ్డమాట కనిపిస్తే ముందు తీసేయాలి. ఈ నియమం ఒక మనిషి పడ్డ బాధలోంచి వచ్చింది. జాన్ సీగెంథాలర్ అమెరికాలో పేరున్న పాత్రికేయుడు, రాబర్ట్ కెనెడీ దగ్గర పనిచేసినవాడు, రాబర్ట్ శవపేటిక మోసినవాళ్లలో ఒకడు. 2005 మేలో ఒక అజ్ఞాత వ్యక్తి వికీపీడియాలో సీగెంథాలర్ పేజీ సృష్టించి, కెనెడీ సోదరుల హత్యల్లో ఆయన హస్తముందని అనుమానించారని రాసిపెట్టాడు. నాలుగు నెలలపాటు అది అలాగే ఉంది. ఆ నవంబరులో ఆయన యూఎస్ఏ టుడేలో తన గోడు రాశాక ఇంగ్లీషు వికీపీడియాలో ఖాతా లేనివాళ్లు కొత్త పేజీలు సృష్టించకుండా ఆపారు, సజీవుల జీవితచరిత్రలకు ప్రత్యేకమైన కట్టుబాట్లు బలపడ్డాయి. మీరు తెలుగులో ఒక స్థానిక నాయకుడి పేజీలోనో, నటి పేజీలోనో ఏదైనా రాస్తున్నప్పుడు, అది చదివే మొదటి మనిషి వాళ్ల ఇంట్లో పిల్లలే కావచ్చు.

బతికున్నవారి పుట్టిన తేదీ కోసం ఓటర్ల జాబితాలు, కోర్టు కాగితాలు తవ్వకండి. అది వారి సొంత వివరం. వారే బహిరంగంగా చెప్పుకున్నదో, పేరున్న ప్రచురణల్లో విరివిగా వచ్చిందో అయితేనే రాయాలి. లేకపోతే సంవత్సరంతో సరి, అదీ సందేహమైతే ఖాళీగా వదిలేయడమే మంచిది. ఖాళీ వదిలితే వ్యాసం లోపభూయిష్ఠమైపోదు. ఎన్నికల అఫిడవిట్లో ఉండేది వయసు, అది కూడా అభ్యర్థి తనంతట తాను రాసింది. దాన్నుంచి తేదీ తయారుచేయకూడదు.

ఒక్కోసారి ప్రభుత్వ రికార్డులే ఒకదానితో ఒకటి పేచీ పడతాయి. జనరల్ వి.కె.సింగ్ సైన్యాధిపతిగా ఉండగా ఆయన పుట్టింది 1950 మే 10నా, 1951 మే 10నా అన్న వివాదం 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సైన్యంలోనే ఒక శాఖ దగ్గర ఒక సంవత్సరం, ఇంకో శాఖ దగ్గర ఇంకోటి నమోదై ఉన్నాయి. చివరికి ఆయన పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. ఇలాంటి పేజీలో సంపాదకుడు న్యాయమూర్తి కుర్చీ ఎక్కకూడదు. ఏ రికార్డు ఏం చెప్పింది, వివాదం ఎలా సాగింది, ఎలా ముగిసింది అన్నదే రాయాలి. వివాదమే అక్కడ వార్త.

ఇక వ్యాసంలోని మనిషే స్వయంగా వచ్చి "నా గురించి తప్పు రాశారు" అంటే? 2012లో అమెరికన్ నవలాకారుడు ఫిలిప్ రాత్‌కు ఇదే జరిగింది. తన నవల "ది హ్యూమన్ స్టెయిన్"కు ప్రేరణ ఎవరన్న విషయంలో వికీపీడియా చెప్పేది తప్పని ఆయన తరపున అడిగితే, రచయిత మాట ఒక్కటే చాలదు, వేరే మూలం కావాలని జవాబొచ్చింది. ఆయన న్యూయార్కర్ పత్రికలో పెద్ద బహిరంగ లేఖ రాశాడు. ఆ లేఖే తర్వాత వ్యాసంలో మూలమైంది. నియమం తన పని తాను చేసిందనే అంటాను. కానీ ఒక పెద్ద రచయితకు ఆ జవాబు చెప్పిన తీరు ఇంకా మెత్తగా ఉండాల్సింది. తన గురించి తాను చెప్పుకున్న మామూలు విషయాలను, బయట ఎక్కడో ప్రచురితమై ఉంటే, "ఆయన చెప్పిన ప్రకారం" అని రాయడానికి వికీపీడియాలో దారి ఉంది. ఆ దారి చూపించడం మన బాధ్యత.

మన దగ్గర ఎక్కువగా వచ్చేది మనవలూ మునిమనవలూ. "మా తాతగారు పుట్టిన ఏడు మాకు తెలియదా, మీరెవరండీ కాదనడానికి?" అని మొదలుపెడతారు. ఆ కోపంలో న్యాయముంది, ప్రేమా ఉంది. నియమాల లింకులు మొహాన కొట్టకండి. ముందు వారి దగ్గర ఏముందో అడగండి: జాతకమా, డైరీయా, పాత ఉత్తరమా, పెళ్లి శుభలేఖా, ఉద్యోగం తాలూకు కాగితమా. చాలా ఇళ్లలో పెట్టె అడుగున ఎవరూ చూడని కాగితం ఉంటుంది. దాన్ని నేరుగా వికీపీడియాలో మూలంగా వాడలేమని చెబుతూనే, ఆ కాగితం ఫొటోతో తాతగారి మీద ఒక చిన్న వ్యాసం రాసి పత్రికకు పంపమనండి, లేదా ఆ రంగంలో పనిచేస్తున్న పరిశోధకులకు చూపమనండి. ప్రచురితమైన రోజు దాన్ని వ్యాసంలో చేర్చే పని మీరే చేస్తానని మాటివ్వండి, నిలబెట్టుకోండి. ఈలోగా చర్చ పేజీలో ఆ కాగితం ఉన్న సంగతి, అందులోని తేదీ రాసిపెడితే తర్వాత వచ్చేవాళ్లకు దారి తెలుస్తుంది.

ఒప్పందం కుదిరి, వ్యాసంలో తేదీ మారింది. పని ఇంకా మిగిలే ఉంది. ఒక పుట్టిన తేదీ తెలుగు వికీపీడియాలో ఒక్క చోటే ఉండదు. సమాచారపెట్టెలో, మొదటి వాక్యంలో, "బాల్యం" విభాగంలో, పేజీ అడుగున "1910 జననాలు" లాంటి వర్గంలో ఉంటుంది. ఆ తేదీకున్న సొంత పేజీలో, అంటే "ఏప్రిల్ 30" పేజీ జననాల జాబితాలో ఉంటుంది. మొదటి పేజీలో వచ్చే "చరిత్రలో ఈ రోజు"లో ఉంటుంది. వారి ఊరి పేజీలో ప్రముఖుల జాబితాలో ఉంటుంది. వికీపీడియాకు తోడుగా ఉండే సమాచార నిధి వికీడేటాలో ఉంటుంది, అక్కడ రెండు తేదీలనూ వాటి వాటి మూలాలతో పక్కపక్కనే ఉంచి ఒకదానికి ప్రాధాన్యం ఇవ్వవచ్చు. వీటన్నిటిలో వెతికి సరిచేయండి. ఒక్కటి మిగిలినా మరుసటి ఏడు ఎవరో దాన్ని చూసి వ్యాసాన్ని మళ్లీ పాత తేదీకి తిప్పుతారు. చివరగా వ్యాసాన్ని మీ వీక్షణ జాబితాలో చేర్చుకుని, జయంతికి రెండు రోజుల ముందునుంచి రోజూ ఒకసారి తెరిచి చూడండి. కొత్తవాళ్లు వచ్చి తేదీ మార్చేది ఆ రోజుల్లోనే. మార్చినవారికి చర్చ పేజీలోని పాత సంభాషణ లింకు ఇస్తే చాలు.